పాత డైవర్ వాచీకి కొత్త డయల్ వేయించకండి

సంపాదకులకు,

నమస్కారం. రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో పాత వాచీల మీద వచ్చిన వ్యాసం చదివాను. అటకల మీద, బీరువాల్లో పడివున్న వాచీలకు ఇప్పుడు మంచి గిరాకీ ఉందని, ముఖ్యంగా సముద్రంలో మునిగి పనిచేసేవాళ్ల కోసం తయారైన డైవర్ వాచీలను లక్షలు పోసి కొంటున్నారని రాశారు. అంతవరకు నిజమే. కానీ చివర్లో ఒక సలహా ఇచ్చారు. అమ్మే ముందు కేసుకు, అంటే వాచీ లోహపు ఒంటికి, పాలిష్ పట్టించి, డయల్ కొత్తగా వేయిస్తే ధర పెరుగుతుందని. అది చదివాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మీ పేపరు చూసి ఈపాటికి ఎంతమంది నాన్నగారి వాచీనో తాతగారి వాచీనో రుమాల్లో చుట్టుకుని కోఠికో ఆబిడ్స్‌కో బయల్దేరారో అని నా టెన్షన్. అలా బయల్దేరి పోగొట్టుకున్నవాణ్ని కాబట్టి రాస్తున్నాను.

మాది జగిత్యాల పక్కన పల్లె. మా పెద్ద బావ 1979లో మస్కట్ వెళ్లాడు. మత్రా రేవులో క్రేన్ మీద పని. 1983లో సెలవు మీద వచ్చినప్పుడు అందరిలాగే టేప్ రికార్డర్, మెత్తటి దుప్పట్లు, సెంటు సీసాలు తెచ్చాడు. చేతికి మాత్రం సీకో డైవర్ వాచీ ఉంది. తాబేలు డిప్పలాంటి బరువైన కేసు. కీ అన్ని వాచీల్లా 3 అంకె దగ్గర కాకుండా 4 దగ్గర ఉంటుంది. వెనక మూత మీద 6309-7040 అని చెక్కి ఉంటుంది. రోజు చూపించే గడిలో కీ తిప్పితే ఒకసారి ఇంగ్లీషు, ఒకసారి అరబ్బీ వచ్చేవి. అరబ్బీలో శుక్రవారం ఎలా రాస్తారో బావ ఆ గడిలోనే నాకు చూపించాడు. 1986లో నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు, "పట్నంల టైముకు పోవాలె, తీసుకో" అని చేతికి ఉన్నది తీసి ఇచ్చేశాడు. 2004లో బావ పోయాడు.

2009 వానాకాలంలో ఆ వాచీ గ్లాసు లోపల ఆవిరి పట్టింది. నగరంలో ఒక దుకాణంలో ఇచ్చాను. పేరు రాయను, ఆ ఒక్క దుకాణానిదే తప్పని నేను అనుకోవడం లేదు కాబట్టి. నాలుగు రోజుల తర్వాత వెళితే, "చూడుండ్రి సార్, షోరూంల కొన్నదాని లెక్క అయింది" అని చేతిలో పెట్టాడు. నిజంగానే తళతళలాడుతోంది, డయల్ కొత్తది వేశాడు. 850 రూపాయలు ఇచ్చి సంతోషంగా ఇంటికి వచ్చాను. శుక్రవారం నాడు, అలవాటుగా, కీ మర విప్పి రోజు తిప్పాను. ఇంగ్లీషు తర్వాత అరబ్బీ రాలేదు. వీ, ఐ, ఈ అని మూడు అక్షరాలు వచ్చాయి. అది స్పానిష్‌లో శుక్రవారం అని తర్వాత తెలిసింది. అంటే డయల్ ఒక్కటే కాదు, లోపలి మెషినే వేరే వాచీది పెట్టేశారు. పరుగున వెళ్లి అడిగితే, "పాతది తుప్పు పట్టింది సార్, పడేసినం" అన్నాడు. చెత్త డబ్బా చూపించమన్నాను. బండి వచ్చి తీసుకుపోయిందన్నాడు. ఇప్పుడు నా దగ్గర మా బావది మిగిలింది కేసు, వెనక మూత, గ్లాసు చుట్టూ తిరిగే బెజెల్ రింగు మాత్రమే.

ఆ బాధతోనే పాత డైవర్ వాచీల గురించి నేర్చుకోవడం మొదలుపెట్టాను. పదిహేనేళ్లలో పదకొండు వాచీలు పోగయ్యాయి. రోలెక్స్ సబ్‌మరీనర్ లేదు, కొనే స్తోమతా లేదు. సీకోలు ఎక్కువ. మారేడ్‌పల్లిలో ఒక మర్చంట్ నేవీ ఇంజినీరుగారి కుటుంబం దగ్గర కొన్న ఫేవర్ లూబా డీప్ బ్లూ ఒకటి ఉంది. ఆ కంపెనీ బొంబాయిలో పంతొమ్మిదో శతాబ్దం నుంచే వ్యాపారం చేసింది కాబట్టి, మన పెద్దవాళ్ల చేతులకు బాగా తెలిసిన పేరు. అదే కంపెనీ 1968లో బాతీ అని ఒకటి తెచ్చింది. నీటి ఒత్తిడిని పట్టి 50 మీటర్ల వరకు లోతును ముల్లుతో చూపించే వాచీ. దాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడాలని నాకు ఇప్పటికీ కోరిక.

ఈ వాచీలు అలంకారానికి పుట్టినవి కావు. 1953లో బ్లాంపాన్ కంపెనీ ఫిఫ్టీ ఫాథమ్స్ చేసింది ఫ్రెంచి నేవీ ఈతగాళ్లు అడిగిన లక్షణాలకు తగ్గట్టు. రోలెక్స్ సబ్‌మరీనర్ కూడా ఆ సంవత్సరాలదే. సీకో మొదటి డైవర్ వాచీ 1965లో వచ్చింది, 150 మీటర్లకు. నీళ్లలోకి దిగిన మనిషి బెజెల్ రింగు మీది గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పి పెట్టుకుంటాడు. ఎంతసేపైందో, సిలిండర్‌లో గాలి ఎంతసేపు వస్తుందో దాన్ని బట్టే లెక్క. మసక నీళ్లలో ఆ గుర్తు, ఆ ముల్లు కనబడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వాటి మీద వెలిగే పూత అంత మందంగా ఉంటుంది. ఇప్పుడు ఆ వాచీ అసలుదో కాదో చెప్పేదీ ఎక్కువగా ఆ పూతే.

ఇక్కడ నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. రేడియేషన్ కొలిచే పరికరాల విభాగంలో ముప్పై ఏళ్లు టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. మనం తెలుగులో చీకట్లో మెరిసేదాన్నంతా రేడియం అంటాం. ఆటో వెనక అంటించేది రేడియం స్టిక్కర్, వాచీ ముళ్ల మీదిదీ రేడియమే. కానీ వాచీల్లో అసలైన రేడియం వాడింది సుమారుగా 1960ల మొదటి సంవత్సరాల వరకే. తర్వాత ట్రీటియం అనే ఇంకో రేడియోధార్మిక పదార్థం వచ్చింది. స్విస్ వాచీ డయల్ అడుగున స్విస్ అన్న మాటకు పక్కన టీ అక్షరం కనబడుతుంది చూడండి, అది ట్రీటియం ఉందని చెప్పే గుర్తు. కొన్నిటి మీద టీ పక్కన 25 కంటే తక్కువ అనే గుర్తు ఉంటుంది, అంటే 25 మిల్లీక్యూరీలకు మించదని. 1993లో జపాన్‌లో నెమోటో కంపెనీ రేడియేషన్ లేకుండా రాత్రంతా మెరిసే లూమినోవా కనిపెట్టింది. 1990ల చివరికి స్విస్ కంపెనీలూ దానికి మారిపోయాయి.

ఈ మూడింటి నడక వేరు. రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుంది. దానితో కలిపిన, వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రం కొన్నేళ్లకే చచ్చిపోతుంది. అందుకని 1955 నాటి డయల్ చీకట్లో వెలగదు కానీ రేడియేషన్‌ను పట్టే నా గీగర్ కౌంటర్ దగ్గర పెడితే పేలాలు వేగుతున్నట్టు చప్పుడు చేస్తుంది. ట్రీటియం సగానికి 12.3 ఏళ్లు. 1975 నాటి వాచీలో ఇప్పటికి పదహారో వంతు మిగిలి ఉంటుంది. దాని కిరణాలు గ్లాసు కూడా దాటలేవు, మామూలు కౌంటర్ పలకదు. అతినీలలోహిత లైటు వేస్తే కొద్దిగా వెలిగి, లైటు తీయగానే ఆరిపోతుంది. కాబట్టి 1955 వాచీ అని తెచ్చింది కౌంటర్ దగ్గర నిశ్శబ్దంగా ఉంటే డయల్ మార్చారన్నమాట. 1972 వాచీ తెల్లవారేదాకా మెరిస్తే ఆ పూత 1993 తర్వాత పుట్టిందన్నమాట. ఇది నా అభిప్రాయం కాదు, భౌతికశాస్త్రం.

మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్ అబ్బాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మొన్న జనవరిలో 65 వేలు పెట్టి 1972 నాటి సీకో డైవర్ కొన్నాడు. సంబరంగా తెచ్చి చూపించాడు. "అంకుల్, రాత్రి మూడింటికి లేచి చూశాను, ఇంకా వెలుగుతోంది" అన్నాడు. అమ్మినవాడు అదే గొప్పగా చూపించాడట. నాకు ఆ మాటతోనే గుండె జారింది. లూప్, అంటే వాచీలవాళ్ల భూతద్దం, పెట్టుకుని చూశాను. వెనక మూత మీద 6105-8110 అని ఉంది, ముందు నాలుగంకెలు లోపలి మెషిన్‌వి. సీరియల్ నంబరు 2డీతో మొదలవుతోంది. సీకో లెక్కలో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. డిసెంబరుకు డీ రాస్తారు. అంటే 1972 డిసెంబరు, మూత వరకు నిజమే. కానీ 6105లో తేదీ మాత్రమే ఉంటుంది, రోజు ఉండదు. ఆ అబ్బాయి వాచీలో రోజు గడి కూడా ఉంది. మూత తీస్తే లోపల 6309 మెషిన్. అది ఆ కంపెనీవాళ్ల మామూలు ఆఫీసు వాచీల్లోనూ వాడినదే కాబట్టి పాత సామాన్లలో బోలెడు దొరుకుతుంది. మూత ఒకదానిది, మెషిన్ ఒకదానిది, డయల్ ఏదో గల్లీలో అచ్చు వేసింది. విదేశీ కలెక్టర్లు ఇలాంటివాటిని ఫ్రాంకెన్ అంటారు. నేను అతుకుల బొంత అంటాను. బొంత అయినా ఎవరైనా చలికి కప్పుకోవడానికి కుడతారు, ఇది మనిషిని ముంచడానికి కుట్టింది. ఆ అబ్బాయి మొహం చూడలేకపోయాను.

మా బావ వాచీ మూత మీది సీరియల్ నంబరు 29తో మొదలవుతుంది. 6309-7040 తయారైంది 1976 నుంచి 1988 వరకు. 6, 7, 8 అంకెలతో మొదలైతే ఏ దశాబ్దమో తేల్చుకోవాలి కానీ 2 అంటే 1982 ఒక్కటే. 1982 సెప్టెంబరులో జపాన్‌లో తయారై, మస్కట్ చేరి, బావ చేతికెక్కి, మరుసటి ఏడాది జగిత్యాల వచ్చింది. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఆ మూతకు జోడీ అయిన డయల్ చెత్తబండి ఎక్కి నాలుగేళ్లయింది.

డయల్ అసలుదో కాదో మామూలు కంటికి తెలియదు. పది రెట్లు పెద్దదిగా చూపే లూప్ కింద తెలుస్తుంది. కంపెనీ అచ్చు వేసిన అక్షరం డయల్ మీద సన్నగా ఉబ్బి, అంచులు తీర్చినట్టుంటుంది. తిరిగి రాసినదైతే సిరా అంచులు ఒలికినట్టు ఉంటాయి. సీకోల్లో 6 గంటల గుర్తు కింద, డయల్ అంచున, చీమ తలంత అక్షరాల్లో డయల్ నంబరు ఉంటుంది. కొత్తగా వేసేవాళ్లు చాలామంది దాన్ని వదిలేస్తారు, లేదా తప్పు రాస్తారు. గుర్తుల మీది పూత, ముళ్ల మీది పూత ఒకే రంగులోకి తిరిగాయో లేదో చూడాలి. ఒకే ఇంట్లో ముసలివాళ్లైన అన్నదమ్ముల్లా ఉండాలి. ముళ్లు తెల్లగా, గుర్తులు తేనెరంగులో ఉంటే ఎవరో మధ్యలో చెయ్యి పెట్టారన్నట్టు. ఇక కేసు సంగతి. ఈ తాబేలు కేసు పైభాగం సన్నటి గీతలతో మసకగా, పక్కలు అద్దంలా ఉంటాయి. రెండూ కలిసేచోట కత్తి అంచులాంటి గీత ఉంటుంది. బఫింగ్ చక్రం కింద ఒక్క నిమిషం పెడితే ఆ గీత సబ్బుబిళ్లలా అరిగిపోతుంది, మళ్లీ రాదు. మీ వ్యాసంలో పాలిష్ పట్టించమన్నారే, అది దీన్ని.

ఇంత చూసినా మోసపోతాం. స్విస్ కంపెనీ ఒమెగా పాత వాచీ ఒకదాని విషయం గుర్తుచేస్తాను. అది డైవర్ వాచీ కాదు, స్పీడ్‌మాస్టర్. 2021లో జెనీవా వేలంలో 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది ఒమెగావాళ్ల సొంత మ్యూజియం కోసమే. 2023లో అది వేర్వేరు వాచీల భాగాలు కలిపి చేసిందని తేలింది, అందులో తమ మాజీ ఉద్యోగుల చెయ్యి ఉందని కంపెనీయే చెప్పింది. వాళ్ల పరిస్థితే అలా ఉంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో గురువారం జుమ్మేరాత్ బజార్‌లోనో టార్చిలైటు వెలుగులో కొనే మన గతేమిటి? ఆ బజార్ల మీద నాకు కోపం లేదు, నా వాచీలు మూడు అక్కడ దొరికినవే. అక్కడ గోనెపట్టా మీద సరుకు పరిచి కూర్చున్న ముసలాయన "నాకు తెల్వదు సార్, చూసుకుని తీస్కో" అంటాడు. అది నిజాయితీ. ఏసీ గదిలో కూర్చుని, పెట్టెలో పెట్టి, సర్టిఫికెట్ అని ఒక కాగితం అచ్చు వేసి ఇచ్చేవాళ్లతోనే నాకు పేచీ. ఆ కాగితం చత్తా బజార్‌లో పెళ్లి పత్రిక అచ్చు వేయించినంత తేలిక.

ఈ ఉత్తరం రాయడానికి ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అది ధరల కంటే పెద్దది. కిందటేడు పాతబస్తీలో డయళ్లకు రంగులు వేసే ఒక చిన్న గదికి వెళ్లాను. కిటికీ లేదు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాడు పాత స్విస్ వాచీ డయల్ మీది పూతను బ్లేడుతో గీకి, పొడిని నోటితో ఊదేస్తున్నాడు. నా జేబులో కౌంటర్ ఉంది. తీసి దగ్గర పెడితే ఆగకుండా మోగింది. అది అసలైన రేడియం. బాబూ, ఇది విషం, ఊదకు అన్నాను. "చిన్నప్పటి నుంచి ఇదే పని సార్, ఏం కాలే" అన్నాడు. అమెరికాలో న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో వందేళ్ల కిందట అమ్మాయిలు ఇదే రేడియంతో వాచీ డయళ్లకు పూత వేసేవారు. కుంచె మొన సన్నబడాలని పెదవులతో తడుపుకోమని వాళ్లకు నేర్పించారు. కొన్నేళ్లకు దవడ ఎముకలు కుళ్లి ఒక్కొక్కరే చనిపోయారు. ఐదుగురు కోర్టుకెక్కితే 1928లో కంపెనీ రాజీకి వచ్చింది. ఆ పొడి కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి పోతే శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. మూత బిగించి ఉన్న వాచీని చూసుకుంటే పెద్ద ప్రమాదం లేదు. తలగడ పక్కన పెట్టుకోకూడదు, గాలి ఆడనిచోట అలాంటివి నాలుగైదు పోగుచేయకూడదు, వాటి నుంచి రాడాన్ వాయువు వస్తుంది కాబట్టి. కానీ గీకడం, ఊదడం మాత్రం వద్దే వద్దు. మనం 'కొత్త డయల్ వేయండి' అని వాచీ ఇచ్చినప్పుడల్లా, అలాంటి ఒక కుర్రాడి ముందు ఆ పొడి పెడుతున్నాం. వాడికి ఒక మాస్కు, ఒక తడిగుడ్డ కొనిచ్చి వచ్చాను. నెల తర్వాత వెళితే గదికి తాళం ఉంది. ఎటు పోయాడో ఎవరూ చెప్పలేకపోయారు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. పాత వాచీ అమ్మేవాళ్లు బిల్లు మీద ఒక్క వాక్యం రాయాలి. డయల్, ముళ్లు, మెషిన్ మొదటినుంచీ ఉన్నవేనా, మార్చినవా అని. మార్చినవి అమ్మడం తప్పు కాదు. నా దగ్గరా ఒకటి ఉంది, ముళ్లు మార్చారని చెప్పే ఇచ్చారు, రోజూ పెట్టుకుంటాను. చెప్పకపోవడం తప్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, వాడేసినదాన్నీ బాగుచేసినదాన్నీ కొత్తదని అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి అని స్పష్టంగా రాసింది. మన దగ్గర జరిగేది దాన్ని తిరగేసిన మోసం, కొత్తగా వేసినదాన్ని పాతదని అమ్ముతున్నారు. అయితే సరుకు నాణ్యత గురించి అబద్ధం చెప్పడం కూడా ఆ చట్టం కింద తప్పే, బిల్లు ఇవ్వకపోవడమూ తప్పే. కింది ఫ్లాట్ అబ్బాయికి బిల్లు కూడా లేదు. నిలదీద్దామని అడిగితే సిగ్గుపడి వద్దన్నాడు. మోసపోయినవాళ్లు సిగ్గుపడి ఊరుకోవడం వల్లే ఈ వ్యాపారం సాగుతోంది.

మీరు కూడా అదే అనుబంధంలో, అదే పేజీలో, పాలిష్, డయల్ గురించి ఇచ్చిన సలహాను వెనక్కి తీసుకుంటున్నామని వేయండి. రిపేరుకు ఇచ్చేవాళ్లు ముందుగా డయల్‌కు, మెషిన్‌కు, వెనక మూతకు సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీసుకోవాలని, మార్చిన ప్రతి పాత ముక్కనూ కవర్లో వేసి తిరిగి ఇవ్వమని అడగాలని రాయండి. నీళ్లు దూరకుండా రబ్బరు రింగులు కొత్తవి వేయించుకోవచ్చు, నూనె మార్పించుకోవచ్చు, అవి ఎలాగూ అరిగిపోయేవే. 150 మీటర్లు అని రాసి ఉంది కదా అని నలభై ఏళ్ల వాచీతో బకెట్లో చెయ్యి పెట్టవద్దు.

పాత డైవర్ వాచీ ఇంట్లో ఉన్నవాళ్లు శనివారం పొద్దున నా దగ్గరకు తెస్తే చూసి చెబుతాను. డబ్బు తీసుకోను. ధర చెప్పను, ఏది అసలుదో ఏది కాదో మాత్రం చెబుతాను. మా ఇల్లు ఈసీఐఎల్ చౌరస్తా నుంచి నడిచేంత దూరమే. నా చిరునామా మీ దగ్గర ఉంది, అడిగినవాళ్లకు ఇవ్వండి. అలాగే ఎవరి దగ్గరైనా అరబ్బీ రోజుల చక్రం ఉన్న 6309 డయల్, మెషిన్ పాడైపోయినవైనా ఉంటే దయచేసి పారేయకండి, నేను కొనుక్కుంటాను. 1960కి ముందు వాచీలు తెచ్చేవాళ్లు మాత్రం మూత తీయకుండా, ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీసుకురండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కుషాయిగూడ, హైదరాబాద్